గేటు దగ్గర పెట్టిన సంతకం

తుమ్మలగుట్ట కాలనీ,
గోదావరిఖని,
6-1-1974

తమ్ముడు కొమురెల్లికి,

ఉత్తరం పుస్తకాల భాషలో రాయాలని, నువ్వు పంతులువైన కొత్తలో నాకు చెప్పావు. అలాగే రాస్తున్నాను. కానీ మొదటి వరుసలో అందరం క్షేమమని రాయడం ఈసారి నా వల్ల కాదు. ఒళ్ళు మండిపోతోంది.

మొన్న శుక్రవారం పూలమ్మ బడి నుంచి మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. “ఏందే అది?” అన్నాను. “టి.సి. అవ్వా. రేపటి సంది బడికి రావద్దన్నరు. పరీక్షకు నా పేరు పోదట” అంది. ఏడవలేదు. గోడకు చేరగిలబడి కూర్చుంది. ఏడ్చినా బాగుండేది.

టి.సి. ఎవరికిస్తారు? ఊరు మారేవాళ్ళకిస్తారు. మేమెక్కడికి మారాం? అదే క్వార్టరు, అదే నల్లా, అదే బొగ్గు పొగ. పదో తరగతి పరీక్ష ఇంకో మూడు నెలలుందనగా నా బిడ్డకు టి.సి. ఇవ్వడమేమిటి?

మీ బావ మొదటి షిఫ్టు దిగి వచ్చాక అడిగాను. ముందు స్నానానికి నీళ్ళు పెట్టమన్నాడు. తర్వాత చెప్పాడు.

“పది రోజులైతంది. బాయి గేటు కాడ బడి అటెండరు రాయమల్లు కాగితాలు పట్టుకొని నిలబడ్డడు. పూలమ్మ బడి కాగితమన్నడు. సంతకం పెట్టమన్నడు. పెట్టిన.”

“సదివినవా?”

“గేటు కాడ ఎవ్వడు సదువుతడే? ఒళ్ళంత బొగ్గు, ఎనుకకెల్లి వంద మంది నూకుతున్నరు.”

నీకు తెలియనిదేముంది. నువ్వూ ఇలాంటి బొగ్గు బాయి క్వార్టర్లలోనే పెరిగావు. హాజరీ కాగితం, లాంపు కాగితం, బియ్యం కాగితం, క్వార్టరు కాగితం, ఏది ముందు పెట్టినా ఈ మగవాళ్ళు సంతకం పెట్టి కదిలిపోతారు. ఆగి చదివితే వెనకవాళ్ళు తిడతారు. అయినా మీ బావకు పేరు రాయడం తప్ప చదవడం ఎక్కడొచ్చు? ఆ పేరు రాయడం నేర్పింది కూడా నువ్వే. వేలిముద్ర వేస్తే నామోషీ బావా అని, నా పెళ్ళయిన ఏడాది పలక ముందేసి కూర్చోబెట్టావు.

పిల్లకు అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కల్లో ఇరవై ఒకటి వచ్చాయి. మిగతావన్నీ పాసే. నువ్వు జూలైలో కరీంనగర్ వెళ్ళాక ఈ బడికి లెక్కల పంతులు రాలేదు. ఆరు నెలలు పాఠం లేకపోతే ఇరవై ఒకటి రావడమే ఎక్కువ. దవాఖానలో నర్సు ట్రైనింగుకు పది పాసై ఉండాలి. మీ బావ వేలు నలిగినప్పుడు వారం రోజులు ఆ మంచం పక్కన కూర్చున్నప్పటి నుంచి దానికి అదే ధ్యాస. నీకు తెలుసు.

నువ్వు ఆ బడిలో ఆరేళ్ళు పనిచేశావు. హెడ్మాస్టరు వామనరావు సారు నీ మాట కాదనడు. వచ్చి మాట్లాడు. ఫీజు కట్టే గడువు ఈ నెలాఖరుకు అయిపోతుంది. ఆలస్య రుసుముతో ఫిబ్రవరి పన్నెండు దాకా ఉంటుందట. వచ్చే ఆదివారమే రా.

అక్క,
సారలమ్మ

———

కరీంనగర్,
13-1-1974

అక్కకు నమస్కరించి కొమురెల్లి రాసేది.

నీ ఉత్తరం అందింది. చదివి చాలా బాధపడ్డాను. నువ్వు ఊరికే కోపం తెచ్చుకుని బడికి పోయి గొడవ చేయకు. కోపంలో నీ నోరు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

వామనరావు సారు చెడ్డవాడు కాదు. ఆ బడి ఫలితం ఒకప్పుడు నూటికి ముప్పై ఒకటి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసరు మమ్మల్ని పిల్లల ముందే నిలబెట్టి తిట్టిపోయాడు. అక్కడి నుంచి నూటికి నూరు దాకా తెచ్చాం. జిల్లాలో ఆ కాలనీ పేరు అంటే ఇప్పుడు ఒక గౌరవం. నిన్న పూలమ్మకు ఏడేళ్ళున్నట్టు అనిపిస్తుంది, అది పరీక్ష తప్పి బాధపడటం నాకు మాత్రం ఇష్టమా? ఈ ఏడు ఇంటి దగ్గర బాగా చదివించు. వచ్చే ఏడు ప్రైవేటుగా కట్టిద్దాం. నేను పుస్తకాలు పంపిస్తాను. ఒక్క ఏడాదిలో కొంపలేమీ మునిగిపోవు.

ఇంకో సంగతి. ఇంటి పరిస్థితుల దృష్ట్యా ఈ సంవత్సరం పరీక్షకు పంపలేకపోతున్నామని బావే సమ్మతించి సంతకం చేశాడు కాబట్టి, రూలు ప్రకారం బడివాళ్ళను తప్పు పట్టడానికి లేదు. ఎక్కడికి పోయినా ఆ కాగితమే చూపిస్తారు. అనవసరంగా నవ్వులపాలవుతావు.

ఈ ఆదివారం పేపర్లు దిద్దే పని ఉండి రాలేకపోయాను. పిల్లలకు జలుబు. బావను అడిగినట్టు చెప్పు.

నీ తమ్ముడు,
కొమురెల్లి

———

తుమ్మలగుట్ట కాలనీ,
20-1-1974

కొమురెల్లికి,

నవ్వులపాలవుతానని రాశావు. అయ్యే వచ్చాను. సోమవారం సంక్రాంతి, బడి సెలవు. మంగళవారం పొద్దున్నే వెళ్ళాను.

వరండాలో, గుమ్మం పైన, నూటికి నూరు అని తెల్ల రంగుతో పెద్ద అక్షరాలు రాయించారు. కింద సంవత్సరం రాశారు. ఆ ఫలితం వచ్చిన రోజు నీకు దండ వేస్తే నేను వాడంతా చక్కెర పంచాను. దాని కిందనే నిలబడి సారును అడిగాను.

“సారూ, నా బిడ్డకు టి.సి. ఎందుకిచ్చిండ్రు?”

“మీ ఆయననే అడుగమ్మా. ఆయన రాసిచ్చిండు.”

“ఆయనకు పేరు తప్ప ఏం రాయరాదు సారూ.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “చూడమ్మా, నీ బిడ్డ ఫెయిలైతే నీ ఒక్క ఇంటికే బాధ. స్కూలు ఫలితం పడిపోతే కొత్త రూములు రావు, కొత్త సార్లు రారు. నేను యాభై ఏడు మంది పిల్లల మేలు చూడాలె.”

“ఆ యాభై ఏడుల నా బిడ్డ లేదా సారూ?”

రిజిస్టరు తిప్పుతూ కూర్చున్నాడు. నేనూ కదలలేదు. చివరికి తెలుగు చెప్పే విశాలాక్షమ్మ టీచరు లేచి బీరువాలోంచి ఒక ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. “ఆమె మొగని సంతకమే కద సార్, ఆమె చూస్తె తప్పేంది?” అంది. మంథని పెద్దింటి మనిషి, ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడింది చూడలేదు.

ఫైలులో పంతొమ్మిది కాగితాలున్నాయి. అన్నీ అచ్చు ఒకటే, పేరు, సంతకం తప్ప. ఒకరు స్టెన్సిల్ మీద చేత్తో రాసి ఇస్తే, దానికి ఇంకు పూసి తీసిన కాగితాలవి. పంతొమ్మిదీ బాయిలోకి దిగేవాళ్ళ ఇళ్ళవే. ఆఫీసర్ల బంగళాల పిల్లలది ఒక్కటి లేదు. సంతకాల పక్కన బొగ్గు వేళ్ళ గుర్తులు అట్లాగే ఉన్నాయి.

తీసేసిన పంతొమ్మిది మంది పోగా మిగిలిన ముప్పై ఎనిమిది మందికి సారే స్వయంగా సాయంత్రాలు లెక్కలు చెబుతున్నాడట. ఆరు నెలలు లేని లెక్కల పంతులు, మన పిల్లలను బయటికి పంపిన మర్నాడే దొరికాడు చూడు.

ఇప్పుడు నిన్ను రెండు మాటలు అడుగుతాను.

నా మొదటి ఉత్తరంలో, మీ బావ బడి కాగితం మీద సంతకం పెట్టాడని మాత్రమే రాశాను. అందులో ఏముందో అప్పటికి నాకే తెలియదు. ‘ఇంటి పరిస్థితుల దృష్ట్యా’ అని నువ్వు రాశావు. మంగళవారం చూస్తే ఆ కాగితంలో మొదటి మాట అదే. నీకెలా తెలిసింది?

రెండోది. ఆ కాగితం పైన శీర్షిక కింద ఒక గీత ఉంది. గీతకు రెండు కొసలా రెండు చుక్కలు. నీకు ఆరేళ్ళప్పుడు, మనల్ని కన్న అవ్వ పోయిన ఏడాది, నాన్న షిఫ్టుకు పోయాక పొయ్యి ముందు కూర్చోబెట్టి నీకు అక్షరాలు దిద్దించింది నేను. పేరు రాశాక కింద గీత గీసి, రెండు పక్కలా చుక్క పెడితే అందంగా ఉంటుందని చూపింది నేను. నీ ప్రతి ఉత్తరంలో ఊరి పేరు కింద ఆ గీత ఉంటుంది. మొన్నటి దాంట్లోనూ ఉంది. టీచరు ఇచ్చిన ఖాళీ కాగితం దాని పక్కన పెట్టి చూశాను.

అది నీ చేతిరాతేనా? అవును అని రాయి, కాదు అని రాయి. పిల్లల జలుబు సంగతి తర్వాత రాయొచ్చు.

సారలమ్మ

———

కరీంనగర్,
24-1-1974

అక్కా,

ఇలాంటివి ఉత్తరాల్లో రాసుకునేవి కావు. ఆదివారం వస్తాను, ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఎవరితో ఏమీ అనకు. ఈ కార్డు చించెయ్యి.

కొమురెల్లి

———

తుమ్మలగుట్ట కాలనీ,
28-1-1974

కొమురెల్లికి,

నిన్న ఆదివారం. మూడు బస్సులకు పూలమ్మ స్టాండు దాకా పోయి వచ్చింది. మూడోసారి వచ్చి, “మామ రాడే అవ్వా, ఇగ పోను” అంది.

నువ్వు రాలేదంటే ఆ చేతిరాత నీదే. నాకు జవాబు అందింది.

పోయినేడు మన వాడలో ఐలవ్వ బిడ్డ పరీక్షకు పోలేదు. నల్లా దగ్గర ఐలవ్వను పది మందిలో నిలదీశాను. ‘బిడ్డను సదివించుకోరాదా, మా తమ్ముడు బడిల ప్రాణం పెట్టి చెప్తుండు’ అన్నాను. ఆమె బిందె ఎత్తుకుని పోయింది. ఆమె మొగుడు కూడా గేటు దగ్గర సంతకం పెట్టాడని నిన్న తెలిసింది. నిన్న పోయి ఆమె కాళ్ళు పట్టుకున్నాను. నీ పేరు చెప్పడానికి నోరు రాలేదు. నాకు అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు.

ఫిబ్రవరి పన్నెండుకు గడువు అయిపోతుంది. ఏ చేత్తో రాశావో ఆ చేత్తోనే జరిగింది రాసి పంపు.

సారలమ్మ

———

కరీంనగర్,
2-2-1974

అక్కా,

రాస్తున్నాను. చదివి కాల్చెయ్యి. బావకు చదివి వినిపించకు.

ముప్పై ఒకటి శాతం వచ్చిన ఏడాది మా ఇంక్రిమెంట్లు ఆపుతామని బెదిరించారు. తప్పినవాళ్ళలో ఎక్కువ మంది లెక్కల్లోనే తప్పారు, లెక్కల పంతులును నేను. ఆ రోజు ఆఫీసరు నన్ను చూసి ఏమన్నాడో నీకెప్పుడూ చెప్పలేదు. “బాయి పనోళ్ళ పిల్లలకు బాయి పనోని కొడుకు పాఠం చెప్తె గిట్లనే ఉంటది” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నా చెవుల్లో చాలా కాలం ఉంది. రెండేళ్ళు పొద్దునా సాయంత్రం క్లాసులు పెట్టాను. నలభై ఆరు దాకా వచ్చింది. అంతకు మించి కదలలేదు.

అప్పుడు నేనే సారుకు చెప్పాను. డిసెంబరు పరీక్షలో తప్పినవాళ్ళను ముందే పంపేద్దామని, తల్లిదండ్రులే రాసిచ్చినట్టు కాగితం తీసుకుంటే రూలు అడ్డు రాదని. సారు భయపడ్డాడు. ‘ఎవరు రాసిస్తరయ్యా?’ అన్నాడు. ఇళ్ళకు పోతే ఎవరూ ఇవ్వరని నాకు తెలుసు. ఇంట్లో ఆడవాళ్ళుంటారు, ఎందుకని అడుగుతారు. షిఫ్టు దిగే వేళకు బాయి గేటు దగ్గర నిలబడితే ఎవరూ చదవరని చెప్పింది నేనే.

మొదటి ఏడు ఆరుగురు. రెండో ఏడు పదకొండు మంది. నూటికి నూరు వచ్చింది. ఆ దండలో నేను తలెత్తుకుని నిలబడ్డాను, అబద్ధం ఆడను. కరీంనగర్ పోస్టింగు ఆ ఫలితం చూసి ఇచ్చిందే. వచ్చేటప్పుడు ఆ స్టెన్సిల్ బీరువాలో వదిలేసి వచ్చాను. అది పూలమ్మ దాకా వస్తుందని నేను అనుకోలేదు. నేనుంటే అది లెక్కల్లో తప్పేది కాదు కదా అక్కా.

సారుకు ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది. పూలమ్మ ఒక్కదాని టి.సి. వెనక్కి తీసుకుని పేరు పంపడానికి ఒప్పుకున్నాడు. ఎవరికీ తెలియకుండా జరిగిపోవాలన్నాడు. మిగతావాళ్ళ సంగతి మనకు వద్దు. నీకు కావలసింది అయిపోయింది. ఇక్కడితో ఆపు. నాకు ఇద్దరు పిల్లలు, ఇది బయటికొస్తే నా నౌకరి పోతుంది.

నీ తమ్ముడు

———

తుమ్మలగుట్ట కాలనీ,
11-2-1974

కొమురెల్లికి,

నీ ఉత్తరం కాల్చలేదు.

పోయిన సోమవారం రాయమల్లు వచ్చి, పూలమ్మను బడికి రమ్మన్నారని గుసగుసగా చెప్పి పోయాడు. నీకు నిజమే చెబుతాను. ఒక పూటంతా పంపుదామనే అనుకున్నాను. దాని జడ వేసి, రిబ్బన్ కూడా కట్టాను. మిగతా పిల్లల తల్లులకు ఏం చెప్పాలో అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను. నువ్వూ నేనూ ఒక పొయ్యి ముందు పెరిగినవాళ్ళమే కదా.

పిల్లే కదలలేదు. “నేనొక్కదాన్నే పోతే లింగవ్వ మొఖం ఎట్ల సూడాలె? దానికి లెక్కలల్ల నాకంటె రెండు మార్కులెక్కువొచ్చినయి” అంది. ఎదురింటి లింగవ్వ ఆ పంతొమ్మిది మందిలో ఒకతి. రెండు మార్కులు ఎక్కువ వచ్చిన పిల్ల ఇంట్లో, తక్కువ వచ్చిన పిల్ల బడిలో. ఎందుకంటే దీని మేనమామకు స్టెన్సిల్ రాయడం వచ్చు. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

బావకు చదివి వినిపించకు అన్నావు. మొత్తం వినిపించాను. గేటు దగ్గరి మాట వచ్చేసరికి, “మల్లొక్కసారి సదువు” అన్నాడు. మళ్ళీ చదివాను. “నాకు సంతకం నేర్పింది గిందుకేనా?” అన్నాడు. అంతే. అన్నం తినకుండా డ్యూటీకి పోయాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన అన్నం వదిలిపెట్టి పోవడం నేను చూడలేదు.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాను. గురువారం పదకొండు మంది ఆడవాళ్ళం బస్సెక్కాం. ఐలవ్వ కూడా వచ్చింది. ఆమె బిడ్డకు ఇప్పుడు దీనివల్ల వచ్చేదేమీ లేదు, అయినా వచ్చింది. పంతొమ్మిది మంది పేర్లతో అర్జీ విశాలాక్షమ్మ టీచరు రాసిచ్చి, కింద తన సంతకం కూడా పెట్టింది.

కరీంనగర్లో బడుల పెద్దాఫీసరు మొదట మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. వరండాలో కూర్చున్నాం. రెండు గంటలకు పిలిచాడు. అర్జీ చదివి, “తండ్రులే రాసిచ్చినంక మేమేం చేస్తమమ్మా?” అన్నాడు. అచ్చం నువ్వు రాసినట్టే. అప్పుడు నీ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. రెండు సార్లు చదివాడు.

“ఇది రాసినాయన మీకేమైతడు?”

“తమ్ముడు.”

“ఎరికుండే ఇస్తున్నవా అమ్మా? ఆయన నౌకరి మీదికొస్తది.”

“ఎరికుండే ఇస్తున్న.”

ఉత్తరం ఆయన వైపు జరిపాను.

శనివారం బడికి ఆర్డరు వచ్చింది. పంతొమ్మిది టి.సి.లు రద్దు. ఇవాళ పొద్దున అందరి ఫీజులు కట్టాం, పరీక్షకు అందరి పేర్లు పోయాయి. వామనరావు సారు ఎవరి వంకా చూడకుండా రసీదులు రాశాడు.

ఆఫీసు నుంచి మీ ఇల్లు రెండు సందుల అవతలేనట. ఆ గురువారమే మీ సందు మొగదల దాకా వచ్చాను. నీ పిల్లలకని సకినాలు చేసి తెచ్చాను, సంచి చేతిలోనే ఉంది. నీ ముఖం చూస్తే ఏం చేస్తానో నాకే తెలియక వెనక్కి తిరిగాను. సకినాలు బస్టాండులో కూర్చుని మేం పదకొండు మందిమీ తిన్నాం.

సారలమ్మ

———

కరీంనగర్,
18-4-1974

సారలమ్మకు,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

నన్ను సస్పెండు చేశారు. మార్చి మొదటి వారం నుంచి ఇంట్లో ఉన్నాను. పెద్దవాడు రోజూ పొద్దున, బాపూ నువ్వు బడికి పోవా అని అడుగుతాడు. జవాబు నువ్వు రాసి పంపు. వామనరావు సారు సెలవు పెట్టి మంథనిలో కూర్చున్నాడు. జూన్‌లో రిటైరవుతాడు, పింఛను వస్తుంది. కాగితం రాసింది నేను కాబట్టి ముద్దాయిని నేనొక్కణ్ణే. ఆ రోజు నన్ను ఆ మాట అన్న ఆఫీసరుకేమీ కాలేదు.

నమ్మి రాశాను. నువ్వే రాయమన్నావు. కాల్చెయ్యమన్నాను. తమ్ముడి ఉత్తరం పట్టుకుపోయి సర్కారు బల్ల మీద పెట్టే అక్క ఈ లోకంలో ఉంటుందా? నన్ను పెంచానని ప్రతి ఉత్తరంలో గుర్తు చేస్తావు. ఏడో తరగతిలో నువ్వు బడి మానేసి నాన్నకు వండిపెట్టబట్టే నేను చదివానని నేనెప్పుడైనా మరిచానా? ఆ అప్పు తీర్చుకోవడానికి ఇదా దారి?

అందరూ నన్నే అంటారు. బాయిలోకి దిగే ముందు దీపం వెలుగుతోందో లేదో పదిసార్లు చూసుకునే మనిషి, బిడ్డ కాగితం ఒక్కసారి చూసుకోవద్దా? ఎవరినైనా అడిగి చదివించుకోవద్దా? బావది తప్పే కాదా?

పరీక్షలు అయ్యాయి కదా. ఆ పంతొమ్మిది మంది ఏం వెలగబెడతారో జూన్‌లో చూద్దాం. ఇక నాకు రాయకు.

కొమురెల్లి

———

తుమ్మలగుట్ట కాలనీ,
16-6-1974

తమ్ముడు కొమురెల్లికి,

రాయకు అన్నావు. నీ మాట ఎప్పుడు విన్నాను కనుక.

ఫలితాలు వచ్చాయి. యాభై ఏడు మందిలో నలభై ఒక్క మంది పాసయ్యారు. సారు ఏరిపెట్టుకున్న ముప్పై ఎనిమిదిలో నలుగురు తప్పారు. మన పంతొమ్మిదిలో ఏడుగురు పాసయ్యారు. లింగవ్వ పాసైంది. మన పూలమ్మ తప్పింది. లెక్కల్లో ముప్పై ఒకటి.

సంతోషమేనా? జూన్‌లో చూద్దామన్నావు కదా, చూసుకో.

వాడలో సగం మంది నా మీద విరుచుకుపడుతున్నారు. నూటికి నూరు బడిని డెబ్బై రెండుకు దించానట. పాసైన ఒక పిల్లవాడి తండ్రి నల్లా దగ్గర, “నీ బిడ్డ కోసం బడి ఇజ్జత్ తీసినవు గద, మరి నీ బిడ్డేమాయె?” అన్నాడు. నేను ఊరుకున్నానా? “నా బిడ్డ పరీక్షల కూసొని తప్పింది. మీ నూటికి నూరుల పదకొండు మందిని కూసోనియ్యనే లేదు” అన్నాను. వరండాలో ఆ తెల్ల అక్షరాలు ఇంకా అట్లాగే ఉన్నాయి. విశాలాక్షమ్మ టీచరు సున్నం వేయిస్తానంటే నేనే వద్దన్నాను. దాని పక్కనే ఈ ఏటి లెక్క రాయించమన్నాను.

పూలమ్మ పేపర్లో నంబరు వెతుక్కుని, లేదని తెలిశాక, ఈసారి ఏడ్చింది. టి.సి. తెచ్చిన రోజు ఏడవని పిల్ల గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆ రోజు గోడకు చేరగిలబడి కూర్చున్న పిల్లను చూసినప్పటి కంటే ఇదే నయమనిపించింది.

నీ మాటలకు జవాబు రాస్తాను. నిన్ను పెంచిన అప్పు నేనెప్పుడూ అడగలేదు. నీ నౌకరి పోవాలని నేను కోరుకోలేదు. మీ పెద్దవాడి మాట మళ్ళీ మళ్ళీ చదివాను. అయినా ఆ ఉత్తరం మళ్ళీ నా చేతికొస్తే మళ్ళీ అదే బల్ల మీద పెడతాను. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసరు ఒక మాట అన్నాడు, పది మంది నవ్వారు, నీకు మంట పుట్టింది. అది నాకూ పుట్టేదే. ఆ మంటను తీసుకుపోయి వాడి మీద చూపలేకపోయావు. బొగ్గు కొట్టుకుని బయటికొస్తున్న మీ బావ మీద చూపావు. నా కోపం అదీ. అది ఇంకా చల్లారలేదు.

బావది తప్పు కాదా అని అడిగావు. అదే ఆయనకు చదివి వినిపించాను. “తప్పే” అన్నాడు. ఆ మర్నాటి నుంచి పూలమ్మ చిన్నప్పటి పలక ముందేసుకుని కూర్చుంటున్నాడు. గుణింతాలు దాటి వత్తుల దాకా వచ్చాడు.

ఇక అసలు సంగతి. సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష ఉంది. మన పంతొమ్మిదిలో తప్పిన పన్నెండు మందీ లెక్కల్లోనే తప్పారు. బడికి లెక్కల పంతులు ఇప్పటికీ లేడు. ఈ జిల్లాలో పనిలేకుండా ఇంట్లో కూర్చున్న లెక్కల పంతులు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు.

రా. పిల్లలను, మరదలిని తీసుకుని రా. ముందు గదిలో పన్నెండు మందీ పడతారు, మంచం బయట వేస్తాను. బ్లాక్‌బోర్డు మీ బావ పాత బొగ్గు టబ్బు చెక్కతో చేయించాడు. పన్నెండు ఇళ్ళవాళ్ళకూ ఏం జరిగిందో తెలుసు. వస్తే ఎవరూ దండ వేయరు. ఐలవ్వ నీ ముఖం మీదే నాలుగు మాటలంటుంది, పడాలి. నేను అన్నం పెడతాను. మాట్లాడతానని మాత్రం అనుకోకు.

ఈ ఉత్తరం కింద మీ బావ సంతకం కూడా ఉంది. నేను పెట్టమనగానే పెట్టలేదు. వేలు పెట్టి మొదటి నుంచి కూడబలుక్కుంటూ చదివాడు. శుక్రవారం మొదలుపెడితే ఇవాళ అయింది. మధ్యలో ఒక చోట ఆగి, “రమ్మన్న ముక్క ఏడున్నదే?” అని అడిగాడు. చూపించాను. ఒక్క అక్షరమే కదా, దాన్ని మళ్ళీ ఒకసారి చదువుకుని, అప్పుడు పెట్టాడు.

సారలమ్మ

గట్టయ్య